పొరుగింటి పాట రుచి



2023 డిసెంబరులో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో యోఅసోబి అనే జపాన్ జంట కచేరీ చేసింది. టికెట్లు అమ్మకానికి పెట్టీ పెట్టగానే అయిపోయాయి. హాలు నిండా కొరియా పిల్లలే. వేదిక మీద పాట జపనీస్ భాషలో సాగుతుంటే కింద ఉన్నవాళ్లు అదే భాషలో గొంతు కలిపారు. ఇందులో వింతేముంది, మన పిల్లలు హిందీ పాట పాడడం లేదా అంటారేమో! వింత ఉంది. ఆ కచేరీకి సరిగ్గా 20 ఏళ్ల కింద, అంటే 2003 డిసెంబరులో, కొరియాలో జపనీస్ మాటలున్న పాటల సీడీ అమ్మడానికి అనుమతే లేదు. 2004 జనవరి 1న గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

ఎక్కడి కొరియా, ఎక్కడి నల్లగొండ, ఎక్కడి పాలమూరు! ఈ ముచ్చట మనకెందుకని అడగొచ్చు. కానీ పాలించినవాడి భాషను నెత్తిన మోసిన జనం, ఆ పాలన పోయాక ఆ భాషలోని పాటను ఏం చేసుకోవాలన్న ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. సర్కారు పాటకు అడ్డు చెబితే చెవి ఎటు పోతుందో మన పెద్దలు స్వయంగా చూసినవాళ్లే. ముందు కొరియా సంగతి నాలుగు మాటల్లో చెప్పుకొని, తర్వాత మన ఊళ్లకు వద్దాం.

కొరియా 1910 నుంచి 1945 దాకా జపాన్ ఏలుబడిలో ఉంది. చివరి ఏళ్లలో బడుల్లో కొరియా భాష లేకుండా చేశారు. జనం తమ పేర్లు మార్చుకొని జపాన్ పేర్లు పెట్టుకోవలసి వచ్చింది. అంత చేదు మింగిన దేశం స్వాతంత్ర్యం రాగానే జపాన్ పాటకు తలుపు మూసిందంటే తప్పు పట్టలేం. 1965లో రెండు దేశాల మధ్య రాయబార సంబంధాలు కుదిరాయి, వ్యాపారం మొదలైంది. పాటకు మాత్రం తలుపు మూసే ఉంది. అక్కడితో ఆగలేదు. 1964లో లీ మి-జా అనే గాయని పాడిన ఒక పాట దేశమంతా మార్మోగింది. పాట కొరియా భాషలోదే, పాడింది కొరియా అమ్మాయే. అయినా బాణీలో జపాన్ వాసన వస్తోందని దాన్ని నిషేధించారు. ఆ నిషేధం 1987 దాకా తొలగలేదు.

మరి జనం జపాన్ పాట వినడం మానేశారా? మానలేదు. దక్షిణాన బూసాన్ రేవుకు జపాన్ దీవి సుషిమా యాభై కిలోమీటర్ల దూరం. గాలికి సరిహద్దు తెలియదు కదా, జపాన్ టీవీ, రేడియో ప్రసారాలు బూసాన్ ఇళ్లలోకి వచ్చిపడేవి. 1990లలో ఎక్స్ జపాన్ అనే రాక్ బృందం పాటలు దొంగ క్యాసెట్లలో చేతులు మారాయి. చివరికి 1998 అక్టోబరులో అధ్యక్షుడు కిమ్ డే-జుంగ్ జపాన్ సంస్కృతికి మెల్లమెల్లగా తలుపులు తీయాలని నిర్ణయించాడు. ముందు కొన్ని సినిమాలు, తర్వాత చిన్న హాళ్లలో కచేరీలు, 2000లో పెద్ద కచేరీలు, 2004లో సీడీలు. జపాన్ సరుకు వరదలా వచ్చి తమ పాటను ముంచేస్తుందని అప్పట్లో కొరియాలో చాలామంది బెంగపడ్డారు.

ఆ వరద రాలేదు. జరిగింది తలకిందులు. 2002లో బోఅ అనే కొరియా అమ్మాయి జపాన్ వెళ్లి, జపనీస్‌లో పాడి, ఆ దేశపు అమ్మకాల పట్టికలో మొదటి స్థానం కొట్టింది. ఆ తర్వాత కె-పాప్ ప్రపంచమంతా ఎట్లా అల్లుకుందో మన ఇళ్లలోని పిల్లలనడిగితే చెబుతారు. తన పాటకు లోకమంతా చప్పట్లు కొట్టాక, కొరియా చెవి నింపాదిగా పక్కింటి వైపు తిరిగింది. 2023లో ఇమాసే అనే కుర్రాడి జపనీస్ పాట అక్కడి పేరున్న మెలన్ పట్టికలో తొలి వందలోకి ఎక్కింది. అదే ఏడు 'ది ఫస్ట్ స్లామ్ డంక్', 'సుజుమే' అనే జపాన్ బొమ్మల సినిమాలను కొరియా థియేటర్లలో ఒక్కొక్కదాన్నీ 40 లక్షలమందికి పైగా చూశారు. ఆ సినిమాలతో పాటే వాటి పాటలూ పిల్లల నోళ్లలో పడ్డాయి. 2024 జూన్‌లో న్యూజీన్స్ అనే కె-పాప్ బృందంలోని హన్ని టోక్యోలో 1980 నాటి జపాన్ పాటను పాడితే, దాని వీడియో అటు జపాన్‌లోనూ ఇటు కొరియాలోనూ ఊరూరా తిరిగింది. ఆ ఏడే కొరియా టీవీలో రెండు దేశాల గాయకుల పోటీ పెట్టి, జపాన్ వాళ్లను వాళ్ల భాషలోనే పాడించారు.

ఇదంతా పాత గాయం మరిచిపోయి చేసింది కాదు. 2019లో రెండు దేశాల మధ్య తగువు ముదిరినప్పుడు కొరియా జనం జపాన్ బట్టలు, జపాన్ బీరు కొనడం మానేశారు. ఆ తర్వాత నాలుగేళ్లకే జపాన్ పాటకు ఎగబడ్డారు. లెక్క తేలాల్సిన చోట తేలాలి, పాట వినాల్సిన చోట వినాలి అన్నట్టు. ఈ రెంటినీ విడివిడిగా చూడగలగడం పెద్ద పరిణతి.

ఇక మన సంగతి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఉర్దూ. పట్టా కాగితం ఉర్దూ, కోర్టు తీర్పు ఉర్దూ, బడి చదువు ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగులో మాట్లాడితే చిన్నచూపు చూసిన సభలున్నాయి. పైగా కోస్తా పత్రికల్లో తెలంగాణలో కవులే లేరన్న ఎద్దేవా ఒకటి వచ్చింది. రెండు వైపులా చులకనే!

దీనికి జవాబు చెప్పినవాడు మన పాలమూరు బిడ్డ, గద్వాల ప్రాంతం నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయన ఉర్దూ పుస్తకాలు తగలబెట్టమనలేదు, కోస్తా పత్రికలు కొనొద్దనలేదు. ఊరూరికీ కబురుపెట్టి కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. లేరన్నవాడి ముందు ఉన్నవాళ్లందరినీ వరసగా నిలబెట్టారు. వాదనకు దిగకుండానే వాదన ముగిసింది. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో మనకు పనుంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. దానికి ముందు నల్లగొండ పల్లెలు పడ్డ పాట్లు ఇంటింటికీ తెలుసు. దొరల గడీలు, వెట్టి, రజాకార్ల దాడులు, ఊళ్లు కాల్చడాలు. ఆ నల్లగొండలో ఉర్దూ మాట వింటేనే ఒళ్లు మండాలి మరి. ఏం జరిగిందో చూడండి. 1952లో హుజూర్‌నగర్ నియోజకవర్గం జనం శాసనసభకు పంపిన మనిషి మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ కవి! మెదక్ జిల్లా అందోలులో పుట్టి, నిజాంనే ఎదిరించి జైలుకూ అజ్ఞాతానికీ పోయిన కమ్యూనిస్టు. నిజాం పాలన పోయి నాలుగేళ్లు తిరక్కముందే, నల్లగొండ రైతు పాలకుణ్ణీ పాలకుడి భాషనూ వేరుచేసి చూడగలిగాడు. భాష నిజాంది కాదు, కవిదీ కూలిదీ కూడా అని తేల్చేశాడు. ఆ మఖ్దూం రాసిన గీతమే 1964లో 'చా చా చా' అనే హిందీ సినిమాలోకి ఎక్కింది. ఆయన గజల్ ఒకటి 1982లో 'బజార్' సినిమాలో ఖయ్యాం సంగీతంలో లతా మంగేష్కర్, తలత్ అజీజ్ గొంతుల్లో పలికింది. అప్పట్లో హిందీ పాట అనుకొని విన్న హుజూర్‌నగర్ వాళ్లు, తమ పాత ఎమ్మెల్యే కవితనే విన్నారన్నమాట.

నల్లగొండ పోరాటం మీద వచ్చిన 'మా భూమి' సినిమా సంగతీ ఇట్లాంటిదే. 1979లో తీసిన ఆ సినిమాకు కథ కృషన్ చందర్ ఉర్దూ నవల నుంచి వచ్చింది. తీసినవాడు బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్. పాటలు మాత్రం మన మట్టివి. గద్దర్ తెర మీద పాడిన బండి యాదగిరి పాట, పశువులుగాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట. కథ ఉర్దూది, కెమెరా కలకత్తాది, పాట నల్లగొండది. ఏదీ దేన్నీ మింగలేదు. కలిసి నిలబడ్డాయి.

సినిమాలకన్నా ముందు నుంచీ మన ఊళ్లలో ఈ కలయిక ఉంది. పీర్ల పండుగ నాడు అలావ చుట్టూ అడుగులేస్తూ పాడే పాటలు ఏ భాషలో ఉంటాయి? తెలుగులో. ఎవరి కథ? హసన్, హుసేన్‌ల కథ. పాడేవాళ్లు ఎవరు? ఊళ్లో అన్ని కులాలవాళ్లు. కర్బలా ఎడారి కథ మన చెరువుగట్టు మీద మన యాసలో వినబడుతుంది. నారాయణపేట వైపు పోతే కన్నడం, మరాఠీ, తెలుగు ఒకే అంగడిలో తిరుగుతాయి. దేవరకొండ తండాల్లో లంబాడీ పాట ఉంది. ఇక పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. బొంబాయిలోని కామాటిపురకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కామాటీల వల్ల. అట్లా పోయినవాళ్లు పండుగకు ఇంటికొస్తూ పైసలతో పాటు పాటనూ తెచ్చారు.

ఇప్పుడు మన రేడియో కథలోకి వద్దాం. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖకు బి.వి. కేస్కర్ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకు వల్లమాలిన ప్రేమ. సినిమా పాటలంటే అంతే చిరాకు. ఆకాశవాణిలో సినిమా పాటల వాటా తగ్గించారు, పాట వేసినా సినిమా పేరు చెప్పొద్దన్నారు. నిర్మాతలకు కోపమొచ్చి పాటలకు అనుమతి వెనక్కి తీసుకున్నారు. దేశమంతా సినిమా పాటకు మొహం వాచింది. ఆయన ఉద్దేశం మంచిదే, జనం చెవిని సంస్కరించాలని. కానీ చెవి సర్కారు ఉద్యోగి కాదు కదా, బదిలీ ఉత్తర్వు పంపగానే కదలడానికి!

చెవి సముద్రం దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్ ఒకటి కొలంబోలో ఉంది. యుద్ధం అయిపోయాక అది రేడియో సిలోన్ చేతికి వచ్చింది. 1952 చివర్లో అక్కడి నుంచి బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలైంది. బుధవారం రాత్రి 8 గంటలు కొట్టేసరికి అమీన్ సయానీ గొంతు. మన జిల్లాల్లో రేడియో ఉన్న చాయ్ హోటళ్లు ఆ ఒక్క గంటా కిటకిటలాడేవి. సిలోన్ వినడం అంత తేలిక కాదు. షార్ట్‌వేవ్ ముల్లును వెంట్రుకవాసి కదిపితే పాట పోయి గురక వచ్చేది. కొన్ని రాత్రుల్లో పాట దగ్గరికొచ్చినట్టే వచ్చి అలలా వెనక్కి పోయేది. చరణం మధ్యలో మాయమైన గొంతు పల్లవికి మళ్లీ తేలేది. ఏరియల్ తీగను పెంకుల మీదికి లాగేవాడొకడు, సెట్టును కిటికీ వైపు తిప్పేవాడొకడు. మాట సగమే వినబడినా మొదటి స్థానం ఏ పాటకు వచ్చిందో తెల్లారి ఊరంతా తెలిసేది.

అదే సిలోన్ నుంచి తెలుగు సినిమా పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై అనే ఆమె తెలుగు కార్యక్రమం నడిపేది. ఆమె ఉచ్చారణలో అరవపు విరుపు ఉండేది. ఎవరూ పట్టించుకోలేదు. సొంత దేశపు రేడియో మనకివ్వని మన పాటను పరదేశం నుంచి ఆమె ఇచ్చింది మరి. విచిత్రం చూడండి! తెలుగువాళ్లు తెలుగు పాటను లంక నుంచి తెప్పించుకొని విన్న రోజులవి.

ఢిల్లీకి విషయం అర్థమవడానికి అయిదేళ్లు పట్టింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. సినిమా పాట ఆకాశవాణికి తిరిగొచ్చింది. కొరియాకు తలుపు తెరవడానికి అర్ధ శతాబ్దం పడితే, మనకు అయిదేళ్లలో తెలివి వచ్చింది. మన గాయం వేరు, వాళ్ల గాయం వేరు కాబట్టి తక్కువ ఎక్కువలు లెక్కించడం న్యాయం కాదు. ఫలితం మాత్రం రెండు చోట్లా ఒకటే. అడ్డుపెట్టినన్నాళ్లూ పాట దొంగదారిన వచ్చింది, అడ్డు తీసేశాక రాజబాటన వచ్చింది. రాక మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత పొరుగు పాట మన ఇంటి మనిషే అయిపోయింది. మొహమ్మద్ రఫీ ఎన్టీ రామారావు గారికి తెలుగులో పాడారు. మన బాలసుబ్రహ్మణ్యం హిందీ వెళ్లి 'ఏక్ దూజే కే లియే' సినిమాకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. 1990లలో తమిళ పాట క్యాసెట్ల మీద మన బస్టాండ్లలోకి దిగింది. 'రోజా', 'ప్రేమికుడు' పాటలు వాయించని సోడా బండి లేదు ఆ రోజుల్లో. వీటి వెనకాల డబ్బింగ్ పాట రాసేవాళ్ల కష్టం పెద్దది. బాణీ ముందే కట్టి ఉంటుంది, తెర మీద పెదవులు ముందే కదిలి ఉంటాయి. పెదవి మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. పెదవి తెరిచిన చోట దీర్ఘం రావాలి. అర్థం చెడకూడదు, తాళం తప్పకూడదు. ఈ కత్తిమీద సాము ఎన్నో ఏళ్లు చేసి చూపించినవారు రాజశ్రీ గారు. 'రోజా' తెలుగు పాటలు ఆయన రాసినవే. అవి తెలుగు పాటలు కావని ఇవాళ ఎవరైనా అంటే ఒప్పుకోం.

ఇంతవరకు బాగానే ఉంది. మరి మన పాట సంగతి? ఈ పక్క నుంచి హిందీ, ఆ పక్క నుంచి తమిళం, ఇప్పుడు ఫోన్లో కొరియా, జపాన్. 2025లో 'డీమన్ స్లేయర్' అనే జపాన్ బొమ్మల సినిమా తెలుగు మాటలతోనే థియేటర్లకు వచ్చింది. ఇన్ని వస్తుంటే పాలమూరు పాట, నల్లగొండ పాట నిలుస్తాయా అని బెంగపడే పెద్దలున్నారు. వాళ్ల బెంగను కొట్టిపారేయడానికి లేదు. ఒకప్పుడు సినిమాల్లో మన యాస నవ్వులాటకు, రౌడీ పాత్రకు తప్ప పనికిరాలేదు. అప్పుడు మన పాట బలహీనంగా వినబడింది నిజమే. అందుకు కారణం హిందీ పాటా తమిళ పాటా కాదు, మన గొంతుకు పీట వేయకపోవడం. 2002లో 'కుబుసం' సినిమాలో గోరటి వెంకన్న రాసిన పల్లె గోస పాట వచ్చినప్పుడు జనం ఉలిక్కిపడి విన్నారు. నాగర్‌కర్నూల్ పక్కన గౌరారంలో పుట్టిన ఆ కవికి 2021లో 'వల్లంకి తాళం' పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పీట వేయగానే గొంతు దానంతటదే లేచింది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 2020లో 'అయ్యప్పనుం కోషియుం' అనే మలయాళ సినిమా వచ్చింది. అందులో అట్టపాడి అడవిలోని ఇరుళ గిరిజన స్త్రీ నంజియమ్మ చేత తన భాషలోనే పాడించారు. ఆమెకు ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు దక్కింది. ఆ సినిమాను తెలుగులో 'భీమ్లా నాయక్'గా తీసేటప్పుడు నంజియమ్మ బాణీని కాపీ కొట్టి ఊరుకోలేదు. అక్కడ అట్టపాడి ఉంటే ఇక్కడ నల్లమల ఉందని, లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యను పిలిచారు. 2021 సెప్టెంబరులో ఆ సినిమా పాట విడుదలైంది. ముందుగా వినబడేది ఆయన గొంతే, ఆయన కిన్నెరే. వెదురు బొంగు, దాని కింద సొరకాయ బుర్రలు, పైన నిలిపిన 12 మెట్లు. వేళ్లు ఆ మెట్ల మీద పరుగెడుతుంటే తీగ మాట్లాడినట్టే ఉంటుంది. పండుగ సాయన్న వీరగాథను ఊరూరా పాడుకుంటూ తిరిగిన మనిషికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కథ కేరళ నుంచి వచ్చింది. వస్తూ వస్తూ ఒక దారి చూపించింది, ఆ దారిన మన కిన్నెర వెలుగులోకి వచ్చింది. పొరుగు పాట మన పాటను చంపుతుందనేవాళ్లు దీన్ని ఏమంటారు?

2021లోనే బతుకమ్మ పాటకు తమిళ సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ బాణీ కట్టారు. 2025లో బొంబాయికి రానంటూ సాగే పాట యూట్యూబులో కోట్ల చూపులు గెలుచుకుంది. అది పాడినవాడు పాలమూరు యువకుడు రాము రాథోడ్. తాతల వలస కష్టం మనవల చేతిలో ఆటపాట అయింది. ఏ బొంబాయికి పోయి మన కూలీలు హిందీ పాట తెచ్చారో, ఆ బొంబాయి పేరు మీదే పాలమూరు పాట దేశం తిరిగింది.

మన పెళ్లి బరాత్‌లో ఒక గంట నిలబడండి. మొదలు తీన్మార్ దరువు. దాని వెనకాలే ఓ హిందీ పాట. పెళ్లికొడుకు దోస్తులు కేక వేస్తే తమిళ పాట. తండా నుంచి వచ్చిన చుట్టాలున్నారని లంబాడీ పాట. చివరికి అమ్మలక్కలు కూడా దిగే వేళకు పల్లె జానపదం. డీజే పిల్లవాడు ఏ భాషకు ఆ భాష అనుకోడు, కాళ్లు ఆగొద్దని చూస్తాడంతే. ఆ పిల్లవాడికి సంగీత శాస్త్రం తెలియకపోవచ్చు, జనం చెవి తెలుసు. ఆ వరసలో అన్నింటికన్నా ఎక్కువ దుమ్ము లేచేది మన జానపదానికే. చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

పాట ఇటు నుంచి అటూ పోతోంది. 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' సినిమా జపాన్‌లో విడుదలై ఆ ప్రేక్షకులను ఊపేసింది. 2024లో పేరుమోసిన తకారజుక నాటక సంస్థ దాన్ని రంగస్థలం మీదికి ఎక్కించింది. అందులోని 'నాటు నాటు'కు 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది చిందేశారు. మరుసటి నెలలో ఆస్కార్ వచ్చింది. చంద్రబోస్ రాసిన ఆ మాటలు అక్కడివాళ్లలో ఎందరికి అర్థమయ్యాయి? కొరియావాళ్లు, జపాన్‌వాళ్లు ఒకరి పాట ఒకరు వినడమే కాదు, ఇద్దరూ మన పాటకూ ఆడారు.

కాబట్టి నాకు తోచిన మాట ఇది. తన పాట మీద నమ్మకం ఉన్నవాడే ఎదుటివాడి పాటను హాయిగా వింటాడు. 1960లలో కొరియాకు ఆ నమ్మకం లేదు, తన గాయని పాటలోనే పరాయి వాసన వెతికింది. 2023 నాటికి ఆ నమ్మకం వచ్చింది, జపాన్ పాటకు టికెట్టు కొని మరీ వెళ్లింది. 1952లో హుజూర్‌నగర్ ఓటరుకు ఆ నమ్మకం ఉంది. ఇప్పుడు మన పిల్లలకూ వస్తోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కొరియా పాట వింటున్న మనవణ్ణి తిట్టకండి. ఏం వింటున్నావురా, నాకూ వినిపించు అనండి. ఆ తర్వాత మీది మీరు వినిపించండి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ పిల్లవాడు కొరియా పాట ఇచ్చినట్టు మీరు మీ పాట ఇవ్వగలరా? కొరియా పాటకు రికార్డుంది, రాసినవాడి పేరుంది, వీడియో ఉంది. మీ ఊరి పీర్ల పాటకు ఏముంది? నాట్లప్పుడు మీ అమ్మ పాడిన పాట ఎక్కడుంది? బుర్రకథ దళాల్లో పాడిన పెద్దమనిషి పోతే ఆయనతో పాటే పోయిన పాటలెన్ని? మొగిలయ్యను సినిమావాళ్లు వెతికి పట్టుకున్నారు కాబట్టి కిన్నెర బతికింది. ఎవరూ వెతకని వాద్యాలు, గొంతులు మన నల్లమల అంచున, మూసీ ఒడ్డున, కృష్ణ ఒడ్డున ఇంకెన్నో ఉన్నాయి. పొరుగు పాట రావడం వల్ల మన పాటకు ముప్పు లేదు, మనం దాచుకోకపోవడం వల్లే ముప్పు.

సురవరం ప్రతాపరెడ్డి గారి దగ్గర సెల్‌ఫోన్ లేదు. ఉత్తరాలు రాసి 354 మందిని పోగుచేశారు. మనలో ప్రతి ఒక్కరి జేబులో ఒక రికార్డింగు యంత్రం ఉంది. ఈ దసరాకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి ఒక పాట పాడించండి. ఫోన్లో పట్టండి. పాడినవారి పేరు, ఊరు, మండలం, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా వాళ్ల నోటనే చెప్పించండి. అట్లా పట్టిన పాటను మీ ఒక్క ఫోన్లోనే ఉంచకండి, నలుగురికి పంపండి, ఊరి బడిలో టీచరుకు ఇవ్వండి, గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టించండి. ఊరికి పది పాటలు దాచగలిగినా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేల పాటలు పోగవుతాయి. ఆ పని మొదలుపెట్టండి. తర్వాత జపాన్ పాట వినండి, కొరియా పాట వినండి, లోకంలో ఉన్న పాటలన్నీ వినండి.